కంట్లో లెన్సు... చేసే పనికి సరిపోవాలి!

శుక్లానికి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే... ‘ఏ లెన్సు వేయమంటారు?’ లేజరా, మామూలుదా? దగ్గరకూ దూరానికీ పనికొచ్చేదా, ఒక్క దూరానికేనా? వేలల్లో అయ్యేదా, లక్ష దాటేదా? జీవితాంతం కంట్లో ఉండిపోయే వస్తువు గురించి పది నిమిషాల్లో తేల్చి చెప్పమంటే ఎవరికైనా తికమకే. ఆ తికమకలో అప్పుచేసి అక్కర్లేని లెన్సు కొనేవాళ్లున్నారు. అంత డబ్బు ఎక్కడ తెచ్చేదని ఆపరేషనే మానుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ నష్టమే!

అనంతపురం నుంచి గుత్తి వెళ్లే దారిలో ఉంటుంది గార్లదిన్నె. పేరుకు పక్కనే మిడ్ పెన్నారు జలాశయం ఉన్నా, మండలంలో చాలా పొలాలు వాననో బోరునో నమ్ముకున్న మెట్ట భూములే. వేరుసెనగ, చీనీ తోటలే ఆధారం. ఇలాంటి ఊళ్లలో అరవై దాటిన పెద్దాయనకు చూపు మందగిస్తే మొదట ఎవరూ పట్టించుకోరు. ‘వయసు మీద పడింది, అంతే’ అనుకుంటారు. డ్రిప్పు పైపు ఎక్కడ కారుతోందో కనబడదు. పురుగుమందు సీసా మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. చీకటి పడ్డాక మోటారు దగ్గరికి వెళ్లాలంటే కాలికింద ఏముందోనని భయం. అవ్వ అయితే బియ్యంలో రాళ్లు ఏరడం మానేస్తుంది. మనవరాలి మొహం గుర్తుపట్టక గొంతును బట్టి పిలుస్తుంది. అప్పటిగ్గానీ ‘కంటికి పొరొచ్చింది, చూపించుకోవాలి’ అన్న మాట ఇంట్లో వినబడదు.

తీరా చూపించుకుందామని పట్నం వెళితే అక్కడ ఇంకో సమస్య. పరీక్షలన్నీ అయ్యాక కౌన్సెలర్ ఓ కాగితం ముందుపెడతారు. దాని మీద నాలుగైదు రకాల లెన్సులు, పక్కనే వాటి ధరలు. ఖరీదైనదే మంచిదేమోనన్న అనుమానం కొడుకుది. ‘ఈ వయసులో నాకెందుకు లేరా అబ్బీ’ అన్న మాట తల్లిది. ఈ రెంటి మధ్యా అసలు అడగాల్సిన ప్రశ్న మరుగునపడిపోతుంది. ఈ కన్ను రోజంతా ఏం పని చేస్తుంది? లెన్సు ఎంపికకు మొదటి మెట్టు అదే.

పొర కాదు... లోపలి కటకమే!

కంటిలో నల్లగుడ్డు వెనక పారదర్శకమైన కటకం ఒకటి ఉంటుంది. నీరు, మాంసకృత్తులతో తయారైన ఈ కటకమే వెలుగును కంటి వెనకనున్న రెటీనా మీద కేంద్రీకరిస్తుంది. వయసు పెరిగేకొద్దీ అందులోని మాంసకృత్తుల అమరిక చెదిరి, తెల్లగానో గోధుమరంగులోనో మసకబారుతుంది. అదే శుక్లం. వాడుకలో ‘పొర’ అంటాంగానీ, నిజానికి పైనుంచి ఏ పొరా వచ్చి కప్పేయదు. లోపలి అద్దమే మసకబారుతుంది.

దీనికి ప్రధాన కారణం వయసే. మధుమేహం, పొగతాగడం, స్టెరాయిడ్ మందులను ఎక్కువకాలం వాడటం, కంటికి దెబ్బ తగలడం వంటివి దాన్ని త్వరపెడతాయి. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసేవాళ్లలోనూ ముప్పు ఎక్కువే. అనంతపురం లాంటి ఎండల జిల్లాలో తలపాగానో, అంచు వెడల్పుగా ఉన్న టోపీనో, చలువ కళ్లద్దాలో అలంకారం కాదు, అవసరం.

ఇక్కడో జాగ్రత్త. చూపు తగ్గిందంటే ప్రతిసారీ శుక్లమే కానక్కర్లేదు. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పడితే దాన్ని ‘పువ్వు’ అంటారు. అది కార్నియా సమస్య. తెల్లగుడ్డు మీది నుంచి నల్లగుడ్డు మీదికి పాకేది ‘కండ’. ఎండలో, దుమ్ములో తిరిగేవాళ్లలో ఇది ఎక్కువ. ఇక నీటికాసుల వ్యాధి కంటి నరాన్ని మెల్లగా దెబ్బతీస్తుంది. దానివల్ల పోయిన చూపు తిరిగిరాదు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నా చూపు మసకబారుతుంది. శుక్లంతోపాటు వీటిలో ఏదైనా ఉంటే ఆపరేషన్ ఫలితమూ, లెన్సు ఎంపికా రెండూ మారిపోతాయి. అందుకే కంటిలో చుక్కలు వేసి లోపలిదాకా చూసే పరీక్ష తప్పనిసరి. శుక్లం బాగా ముదిరి లోపల ఏమీ కనబడకపోతే స్కానింగ్ చేస్తారు.

చుక్కల మందుతో శుక్లం కరిగిపోతుందనే ప్రకటనలను నమ్మొద్దు. ఏర్పడిన శుక్లాన్ని కరిగించే మందు ఇప్పటిదాకా లేదు. ఉల్లిరసం, తేనె, తల్లిపాలు లాంటివి కంట్లో వేస్తే ఇన్ఫెక్షన్ వచ్చి ఉన్న చూపు కూడా పోయే ప్రమాదముంది.

ముదిరేదాకా ఆగాలా?

‘ఇంకా ముదరలేదు, కొన్నాళ్లు ఆగుదాం’ అన్నది పల్లెల్లో తరచూ వినబడే మాట. ఒకప్పుడు అందులో నిజముంది. పాత పద్ధతిలో కటకాన్ని మొత్తంగా బయటికి తీసేవారు. ఆపైన సోడాబుడ్డి కళ్లద్దాలే గతి. వాటిలోంచి ప్రతిదీ పావువంతు పెద్దదిగా కనబడేది. పక్కచూపు ఉండేది కాదు. ఒక్క కంటికే ఆపరేషన్ చేస్తే రెండు కళ్ల దృశ్యాలూ కలిసేవి కావు. అంత ఇబ్బంది ఉంటుంది కాబట్టే చూపు పూర్తిగా పోయేదాకా ఆగమనేవారు.

ఇప్పుడు లెక్క తిరగబడింది. మెత్తగా ఉన్నప్పుడే శుక్లాన్ని తీయడం తేలిక. రాయిలా గట్టిపడ్డాక పెద్ద కోత, ఎక్కువ సమయం పట్టొచ్చు. మరీ ముదిరితే కంటిలో ఒత్తిడి పెరిగి, భరించలేని నొప్పితో రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. అలాగని చిన్న మసక కనబడగానే తొందరపడాల్సిన పనీలేదు. రోజువారీ పనికి చూపు అడ్డొస్తున్నప్పుడు... అదే సరైన సమయం. లారీ నడిపేవారికి అది ముందే రావొచ్చు. ఇంటిపట్టున ఉండేవారికి కాస్త ఆలస్యంగా రావొచ్చు.

చలికాలంలోనే చేయించుకోవాలన్నదీ అపోహే. ఏ కాలంలోనైనా చేయించుకోవచ్చు. అయితే రైతు కుటుంబాలు చూసుకోవాల్సిన కాలం మరొకటుంది. వేరుసెనగ విత్తే రోజుల్లోనో, కాయ పీకే రోజుల్లోనో ఆపరేషన్ పెట్టుకుంటే ఇంట్లో కూర్చోవడం ఎవరి తరమూ కాదు. కొన్ని వారాలు దుమ్ముకూ బరువు పనులకూ దూరంగా ఉండాలి కాబట్టి పొలం పని తీరిక చూసుకుని తేదీ ఖరారు చేసుకోవడం మంచిది.

లేజర్ ఎక్కడుంది?

కుట్లు లేకుండా చేసే ప్రతి ఆపరేషన్‌నూ ‘లేజరు’ అనేస్తున్నారు. నిజానికి శుక్లం చికిత్సలో వినబడే పద్ధతులు వేర్వేరు.

మొదటిది ఎస్ఐసీఎస్. ఆరు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటుగా ఉండే సొరంగం లాంటి కోత ద్వారా శుక్లాన్ని చేతి పనిముట్లతో తీసేస్తారు. ఆ కోత తనంతట తానే మూసుకుంటుంది కాబట్టి సాధారణంగా కుట్లు అక్కర్లేదు. ఖరీదైన యంత్రాలతో పనిలేదు. గట్టిపడ్డ శుక్లాలకు బాగా పనికొస్తుంది. ఉచిత శిబిరాల ద్వారా జరిగే ఆపరేషన్లలో చాలావరకు ఇవే. ‘క్యాంపు ఆపరేషన్’ కాబట్టి తక్కువరకం అనుకోవడం పొరపాటు. నేపాల్ నేత్రవైద్యుడు సందుక్ రూయిత్ బృందం 108 మంది మీద చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. సగం మందికి ఈ పద్ధతిలో, సగం మందికి యంత్రంతో చేసే ఫేకో పద్ధతిలో ఆపరేషన్ చేశారు. ఆరు నెలల తరువాత చూస్తే రెండు వర్గాల్లోనూ 98 శాతం మందికి అద్దాలతో 6/18 లేదా అంతకన్నా మెరుగైన చూపు వచ్చింది.

రెండోది ఫేకో. రెండు, మూడు మిల్లీమీటర్ల మధ్య ఉండే చిన్న కోతలోంచి సన్నని గొట్టం లాంటి పరికరాన్ని పంపి, శుక్లాన్ని ముక్కలుచేసి పీల్చేస్తారు. అలా ముక్కలు చేసేది లేజర్ కాదు, అల్ట్రాసౌండ్! చాలామంది ‘లేజర్ చేయించుకున్నాం’ అని చెప్పేది దీని గురించే. కోత చిన్నది కాబట్టి త్వరగా మానుతుంది. మడతపెట్టగల లెన్సు అదే రంధ్రంలోంచి వెళ్లి లోపల విచ్చుకుంటుంది.

మూడోది ఫెమ్టోసెకండ్ లేజర్. ఇదే అసలు లేజర్ ఆపరేషన్. హంగరీలో డాక్టర్ జోల్టాన్ నాగీ 2008లో దీన్ని తొలిసారి శుక్లానికి వాడారు. కార్నియా మీద కోత, కటకం చుట్టూ ఉండే సంచికి గుండ్రటి రంధ్రం, శుక్లాన్ని ముందుగా ముక్కలు చేయడం... ఈ మూడు పనులనూ కంప్యూటర్ సాయంతో లేజర్ చేస్తుంది. అక్కడితో దాని పని అయిపోతుంది. ఆ ముక్కల్ని పీల్చేయడానికీ లెన్సును అమర్చడానికీ మళ్లీ డాక్టరు చేయి, ఫేకో యంత్రం కావాల్సిందే.

మరి అదనంగా పెట్టే డబ్బుకు అదనపు చూపు వస్తుందా? ఫ్రాన్సులోని అయిదు విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో సుమారు 900 మంది మీద జరిగిన ‘ఫెమ్‌క్యాట్’ అధ్యయనం ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మామూలు ఫేకో కన్నా లేజర్‌తో ఫలితం మెరుగ్గా ఏమీ లేదనీ, పెట్టే ఖర్చుకు తగ్గ ప్రయోజనం కనబడలేదనీ అది తేల్చింది. కొందరి విషయంలో డాక్టర్లు ప్రత్యేక కారణంతో దీన్ని సూచించొచ్చు. నల్లగుడ్డు మీద మచ్చలున్నా, కంటిపాప సరిగ్గా విచ్చుకోకపోయినా అసలు దీన్ని చేయడమే కష్టం. అంటే లేజర్ లేకపోతే కన్ను పోతుందన్నది ఒట్టి భయమే. చేసే చేతి నేర్పు, థియేటర్ శుభ్రత అంతకన్నా ముఖ్యం.

లేజర్ నిజంగా తరచూ అక్కరకొచ్చే సందర్భం మరొకటుంది. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, ఏళ్లకో కొందరికి చూపు మళ్లీ మసకబారుతుంది. ‘మళ్లీ పొరొచ్చింది’ అని కంగారుపడతారు. తీసేసిన శుక్లం మళ్లీ రాదు. లెన్సును పట్టి ఉంచే సంచి వెనకభాగం మసకబారడం వల్ల వచ్చే ఇబ్బంది అది. యాగ్ లేజర్‌తో అక్కడ చిన్న కిటికీలా తెరుస్తారు. కోత ఉండదు. కొన్ని నిమిషాల పని. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.

విమానం అద్దంలోంచి వచ్చిన ఆలోచన

మన దేశంలో వేల ఏళ్ల కిందటే సుశ్రుతుడి గ్రంథం శుక్లానికి శస్త్రచికిత్సను వర్ణించింది. మసకబారిన కటకాన్ని చూపుకి అడ్డంలేకుండా పక్కకు నెట్టే పద్ధతి అది. తీసిన కటకం స్థానంలో మరోదాన్ని పెట్టాలన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి మాత్రం 1949 దాకా ఆగాల్సి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో విమానం పైకప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు కళ్లలో గుచ్చుకున్న పైలట్లకు లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ చికిత్స చేశారు. ఆ ముక్కలు ఏళ్లతరబడి కంట్లో ఉన్నా కన్ను వాటిని పరాయి వస్తువుగా చూసి పోరాడటం లేదని గమనించారు. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్సు చేయించి 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఓ రోగి కంటిలో అమర్చారు. తోటి వైద్యులు ఏళ్లపాటు ఆయన్ని విమర్శించారు. చివరికి 2000లో బ్రిటన్ ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఇక ఫేకో విధానం 1967లో అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ తెచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు, పళ్లను శుభ్రం చేసే అల్ట్రాసౌండ్ పరికరాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు.

మన దేశంలో ఈ లెన్సును పేదల దాకా తెచ్చిన ఘనత మదురైకి దక్కుతుంది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా 1992లో ‘అరోల్యాబ్’ ఏర్పాటైంది. అంతకుముందు లెన్సులు విదేశాల నుంచే రావాలి. ఆ ధర పల్లెవాసులకు అందేది కాదు. వాటిని ఇక్కడే తయారుచేసి, దిగుమతి ధరలో చిన్న వంతుకే ఇవ్వడంతో సోడాబుడ్డి కళ్లద్దాల కాలం ముగిసింది. ఇప్పుడు మామూలు లెన్సు చవగ్గా దొరుకుతోందంటే, దానర్థం నాణ్యత లేదని కాదు. చవగ్గా తయారుచేయడం నేర్చుకున్నామని!

కొలత తప్పితే లక్ష లెన్సూ వృథా

దర్జీ ఎంత ఖరీదైన గుడ్డ తెచ్చినా కొలత తప్పితే చొక్కా పట్టదు. లెన్సూ అంతే. కంటిలోపల అమర్చే లెన్సు పవర్ ఎంతుండాలో తేల్చే పరీక్షను బయోమెట్రీ అంటారు. కన్ను ముందునుంచి వెనక్కి ఎంత పొడవుందో, కార్నియా ఎంత వంపు తిరిగిందో కొలిచి, ఆ లెక్కతో పవర్ నిర్ణయిస్తారు. సాధారణంగా కంటి పొడవు 23, 24 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అందులో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పవర్‌లో రెండున్నర, మూడు పాయింట్ల తేడా వచ్చేస్తుంది.

అనంతపురం జిల్లా వాసులు ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కంటి మీద కండ పెరిగి ఉంటే అది కార్నియా వంపును లాగేస్తుంది. కొలత తప్పుతుంది. కండ పెద్దదిగా ఉంటే ముందు దాన్ని తీయించి, కొన్ని వారాలు ఆగి, అప్పుడు కొలతలు తీస్తే మేలు. దుమ్ము, ఎండల వల్ల కళ్లు పొడిబారినా కొలత నిలకడగా రాదు. ముందు చుక్కల మందుతో దాన్ని సరిచేసుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు పరీక్షకు కొన్నాళ్ల ముందే వాటిని ఆపేయాలి. ‘కొలతలు మళ్లీ ఒకసారి చూస్తారా?’ అని అడగడానికి మొహమాటపడొద్దు. ఖరీదైన లెన్సు కన్నా సరైన కొలతే ఎక్కువ చూపునిస్తుంది.

ఏ లెన్సు ఏం చేస్తుంది?

మోనోఫోకల్: ఒకే దూరంలో స్పష్టంగా చూపించే లెన్సు. సాధారణంగా దూరపు చూపుకి సరిపెడతారు. పేపరు చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లద్దాలు కావాలి. వెలుగును విడగొట్టదు కాబట్టి చూపు శుభ్రంగా, రాత్రిపూట కూడా నిలకడగా ఉంటుంది. ప్రపంచంలో ఎక్కువమందికి వేసేది ఇదే. గట్టి ప్లాస్టిక్‌వి, మడతపడేవి రెండు రకాలున్నాయి. చూపు విషయంలో రెండూ మంచివే. కోత సైజులోనే ప్రధానంగా తేడా.

టోరిక్: కార్నియా వంపు అన్నివైపులా సమానంగా లేనివారికి, అంటే సిలిండర్ పవర్ ఎక్కువున్నవారికి ఉపయోగం. ఇది సరైన కోణంలోనే కూర్చోవాలి. పది డిగ్రీలు పక్కకు తిరిగితే మూడోవంతు ప్రయోజనం పోతుంది. సిలిండర్ లేనివారికి దీనితో పనేలేదు.

మల్టీఫోకల్, ట్రైఫోకల్: వచ్చే వెలుగును రెండు మూడు భాగాలుగా పంచి దూరం, దగ్గర రెండూ కనబడేలా చేస్తుంది. కళ్లద్దాల అవసరం చాలావరకు తగ్గుతుంది. దానికి మూల్యమూ ఉంది. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. మసక వెలుతురులో స్పష్టత తగ్గుతుంది. చాలామంది కొన్ని నెలల్లో అలవాటుపడతారుగానీ, కొద్దిమందికి తీసి మార్చాల్సి రావొచ్చు.

ఈడాఫ్: దూరంతో పాటు చేయి చాపినంత దూరాన్ని కూడా బాగా చూపిస్తుంది. కంప్యూటర్, వంటగట్టు లాంటి పనులకు అనువు. సన్నని అక్షరాలకు మాత్రం అద్దాలు కావాల్సి రావొచ్చు. వలయాల బాధ మల్టీఫోకల్ కన్నా సాధారణంగా తక్కువ.

ఎవరి పనికి ఏది?

ఇక అసలు విషయం. చీనీ తోట, వేరుసెనగ చేను చూసుకునే రైతుకు దూరం బాగా కనబడాలి. గట్టు మీద నడవాలి, రాత్రి మోటారు దగ్గరికి వెళ్లాలి. అలాంటివారికి దూరానికి సరిపెట్టిన మోనోఫోకల్ నిక్షేపంగా సరిపోతుంది. మందు సీసా మీది అక్షరాలు చదవడానికి జేబులో కళ్లద్దాలు ఉంటే చాలు. జాతీయ రహదారి మీద రాత్రుళ్లు లారీ, బస్సు నడిపేవారికీ ఇదే మేలు. ఎదురుగా వచ్చే బండి దీపం చుట్టూ వలయాలు కనబడితే ప్రాణానికే ముప్పు. ఎంత డబ్బున్నా వీరికి మల్టీఫోకల్ సరైన ఎంపిక కాదు.

ధర్మవరంలో పట్టుచీర నేసే నేతన్న సంగతి వేరు. ఆయన బతుకంతా మగ్గం మీది పోగులోనే ఉంది. చాలామందికి తెలియనిదేమంటే మోనోఫోకల్‌ను దూరానికే సరిపెట్టాలన్న నియమం ఏమీలేదు. లెక్కలో ఒకటిన్నర పాయింట్ల మైనస్ ఉంచితే సుమారు 65 సెంటీమీటర్ల దూరం అద్దాల్లేకుండా స్పష్టంగా కనబడుతుంది. రెండున్నర ఉంచితే 40 సెంటీమీటర్లు. అప్పుడు మగ్గం దగ్గర అద్దాలు అక్కర్లేదు, వీధిలోకి వెళ్లేటప్పుడు పెట్టుకుంటే చాలు. బట్టలు కుట్టేవారికీ, బంగారం పని చేసేవారికీ ఇదే లెక్క. దీనికి పైసా అదనంగా ఖర్చవదు. కానీ ‘మా నాయన మగ్గం నేస్తాడు’ అన్న ఒక్కమాట డాక్టరుకు ఆపరేషన్‌కు ముందే చెప్పాలి!

ఒక కంటిని దూరానికి, రెండోదాన్ని దగ్గరకు సరిపెట్టే ‘మోనోవిజన్’ పద్ధతీ ఉంది. కొందరికి ఇది హాయిగా ఉంటుంది, కొందరి మెదడు దీనికి ఒప్పుకోదు. ముందుగా కళ్లద్దాలతోనో కాంటాక్ట్ లెన్సులతోనో ప్రయత్నించి చూసుకోవడం మంచిది.

పగటిపూట ఎక్కువగా చదివే, రాసే, ఫోన్ చూసే టీచర్లు, ఉద్యోగులు... కళ్లద్దాలంటే అస్సలు ఇష్టంలేనివారు... కన్ను మిగతా అన్నివిధాలా ఆరోగ్యంగా ఉంటే మల్టీఫోకల్ గురించి ఆలోచించొచ్చు. అయితే మధుమేహంతో రెటీనా దెబ్బతిన్నవారికి, నీటికాసుల వ్యాధి ఉన్నవారికి, కార్నియా మీద మచ్చలున్నవారికి ఇది తగదు. అసలే తక్కువగా అందే వెలుగును మళ్లీ పంచితే మిగిలేదేముంటుంది? ఇప్పుడు రెటీనా బాగున్నా, చాలా ఏళ్లుగా మధుమేహం అదుపులో లేనివారు ముందు ముందు వచ్చే ఇబ్బందిని కూడా లెక్కలో వేసుకోవాలి.

డబ్బు లేదని ఆగిపోవద్దు

అప్పు చేయాల్సి వస్తుందన్న భయంతో ఆపరేషన్ వాయిదా వేసుకోవాల్సిన అవసరం లేదు. దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుంచీ ఉంది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో, స్వచ్ఛంద సంస్థల ద్వారా లెన్సుతో సహా ఉచితంగా శుక్లం ఆపరేషన్లు జరుగుతాయి. గార్లదిన్నె వాసులకు దగ్గరలో ఉన్నది అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో కంటి విభాగం ఉంది. అక్కడ రోగుల నుంచి డబ్బు తీసుకోరు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ప్రారంభించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ, తిరుపతిలోని అరవింద్ ఆసుపత్రిలోనూ డబ్బు కట్టలేనివారికి ఉచిత చికిత్స ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘వైఎస్ఆర్ కంటి వెలుగు’ కార్యక్రమం 2019 అక్టోబరు 10న మొదలైంది కూడా అనంతపురంలోనే.

ఈ ప్రయత్నాలన్నీ ఎందుకంటే... 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన కంటి వ్యాధుల అధ్యయనంలో అంధత్వానికి 44 శాతం కారణం శుక్లమేనని తేలింది. దేశవ్యాప్తంగా 2015-19లో జరిగిన సర్వేలోనూ యాభై దాటినవారి అంధత్వంలో 66 శాతం దీనివల్లే. ఒక్క ఆపరేషన్‌తో పోయే చీకటి అది.

ఆరోగ్య బీమా ఉన్నవారు పాలసీ ఒకసారి తిరగేయాలి. చాలా పాలసీల్లో శుక్లానికి రెండేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది. ఒక్కో కంటికి ఇంతవరకే ఇస్తామన్న పరిమితీ ఉంటుంది. మల్టీఫోకల్, లేజర్‌ల అదనపు ఖర్చు తరచూ చేతి నుంచే పడుతుంది.

ముందూ... తరువాతా...

ఆపరేషన్‌కు ముందు రక్తంలో చక్కెర, రక్తపోటు అదుపులో ఉండాలి. పంటి, చర్మపు ఇన్ఫెక్షన్లు ఉంటే చెప్పాలి. మూత్రం సాఫీగా రావడానికి ప్రోస్టేట్ మాత్రలు... ముఖ్యంగా టామ్సులోసిన్... వాడుతున్న మగవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఆ మందు వల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప బిగుతు కోల్పోయి ఇబ్బంది పెడుతుంది. ముందే తెలిస్తే డాక్టరు తగిన జాగ్రత్త తీసుకుంటారు. రక్తం పలుచబడే మందులు వాడేవారూ అంతే. అయితే ఎవరికి వారు మాత్రలు ఆపేయకూడదు.

తరువాత కొన్ని వారాలపాటు చెప్పిన వేళకు చుక్కలు వేసుకోవాలి. వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కన్ను నలపకూడదు. డాక్టరు సరేననేదాకా తలస్నానం, పొయ్యి ఊదడం, పశువుల పాక శుభ్రం చేయడం, చేలో దుమ్ములోకి వెళ్లడం వద్దు. కొద్దిపాటి దురద, నీరు కారడం మామూలే. కానీ నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడుతున్నా, వచ్చిన చూపు తగ్గుతున్నా మర్నాటి దాకా ఆగొద్దు. కంటిలోపల ఇన్ఫెక్షన్‌కు అవి గుర్తులు కావొచ్చు. అదే రోజు ఆసుపత్రికి చేరితే కన్ను దక్కుతుంది. అందుకే ఇంటికి బయల్దేరేముందే రాత్రివేళ ఫోన్ చేయాల్సిన నంబరు రాయించుకోవాలి.

డాక్టరును ఇవి అడగండి!

* శుక్లం కాకుండా కంట్లో మరేదైనా సమస్య ఉందా? రెటీనా, నరం ఎలా ఉన్నాయి?

* ఆపరేషన్ ఏ పద్ధతిలో చేస్తారు? లేజర్ అంటున్నారంటే ఈ కంటికి దానివల్ల వచ్చే లాభమేమిటి?

* సిలిండర్ పవర్ ఎంతుంది? టోరిక్ అవసరమా?

* లెన్సును దూరానికి సరిపెడుతున్నారా, దగ్గరకా? ఆ తరువాత ఏ పనికి అద్దాలు కావాలి?

* చెప్పిన ధరలో ఏమేం కలిసున్నాయి? మందులు, తిరిగి చూపించుకోవడం అందులోనేనా?

* లెన్సు పేరు, పవర్, నంబరు ఉండే స్టిక్కర్ ఇస్తారా? దాన్ని ఆధార్ కార్డులా భద్రంగా దాచుకోవాలి. రెండో కంటి ఆపరేషన్‌కు, తరువాత వచ్చే ఏ ఇబ్బందికైనా అదే ఆధారం.

ఇన్ని అడిగినా డాక్టరుకు అందని సమాచారం ఒకటి మిగిలే ఉంటుంది. కంటి పొడవును యంత్రం కొలుస్తుంది. కార్నియా వంపునూ కొలుస్తుంది. ఆ కన్ను పొద్దున లేచింది మొదలు చేనులో ఉంటుందో, మగ్గం దగ్గర ఉంటుందో, స్టీరింగ్ ముందు ఉంటుందో ఏ యంత్రమూ కొలవలేదు. అది చెప్పాల్సింది ఇంటివాళ్లే.